పాత గోల్ఫ్ సెట్టును ముందు బాగు చేయించండి

మామగారు ఇచ్చిన ఇరవై ఏళ్ళ నాటి ఐరన్ల (ఇనుప తల ఉన్న గోల్ఫ్ క్లబ్బుల) సెట్టులో గ్రిప్పులు, అంటే పట్టుకునే చోటి రబ్బరు తొడుగులు, చేతిలో జారుతున్నాయనీ, ఒక క్లబ్బు తల కొద్దిగా కదులుతున్నదనీ, దాన్ని బాగు చేయించాలా లేక కొత్త సెట్టు కొనాలా అనీ మీరు అడిగారు. బాగు చేయించండి. బెంగళూరులో పద్దెనిమిదేళ్ళుగా ఆడుతున్నాను, అన్నేళ్ళూ ఒకే ఐరన్ల సెట్టుతో ఆడాను కనుక ఈ మాట గట్టిగానే చెప్పగలను.

నాది కూడా ఒకరు ఇచ్చిన సెట్టే. సైన్యంలో పనిచేసి రిటైరైన మా బావగారు మోకాళ్ళ నొప్పులతో ఆట మానేసి, అనంతపురం వెళ్ళిపోతూ తన బ్యాగును నాకు అప్పగించారు. ఒక ఏప్రిల్ నెలలో ప్రాక్టీసు రేంజిలో ఏడో నంబరు ఐరన్‌తో కొడుతుండగా చేతిలో బరువు ఒక్కసారిగా మాయమైంది. బంతి పక్కకు దొర్లింది, ఇనుప తల మాత్రం ఊడి ఇరవై అడుగుల అవతల గడ్డిలో పడింది. ఎదురుగా ఎవరూ లేకపోవడం నా అదృష్టం.

దాన్ని ఒక దుకాణానికి తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు తలను చేతిలోకైనా తీసుకోకుండా, ఇంత పాతవి ఇక పనికిరావని చెప్పి కొత్త ఏడో నంబరు ఐరన్ నా చేతిలో పెట్టాడు. దానితో కొట్టిన బంతి నా పాత దానికన్నా పదిహేను గజాలు ఎక్కువ వెళ్ళిందని తెర మీద చూపించాడు. నేను లక్ష రూపాయలు దాటే ఆ సెట్టుకు దాదాపు ఒప్పుకున్నాను. లాఫ్టు, అంటే క్లబ్బు ముఖం వెనక్కి వాలే కోణం, ఎంతని అడిగాకే సంగతి బయటపడింది. ఆ వాలు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం వెళ్తుంది. నా పాత ఏడో నంబరు ముఖం 35 డిగ్రీల వాలుతో ఉంటే, కొత్తదాని వాలు 29 డిగ్రీలే. అంటే నా సెట్టులో ఐదుకూ ఆరుకూ మధ్య ఉండవలసిన క్లబ్బు మీద ఏడు అని చెక్కి నాకు చూపించారన్నమాట. కొత్త క్లబ్బుల తయారీలో మెరుగు లేదని నేననను, తప్పుగా తగిలిన బంతిని కూడా అవి కొంత కాపాడతాయి. కానీ ఈ డిగ్రీల మాట అడగకముందే చెప్పడం అమ్మేవారి బాధ్యత. పైగా ఇలా వాలు తగ్గించుకుంటూ పోవడం వల్ల దగ్గరి దెబ్బలకు వాడే పిచింగ్ వెడ్జికీ, ఇసుక గుంటలోంచి కొట్టే శాండ్ వెడ్జికీ మధ్య ఖాళీ పెరిగి, దాన్ని పూడ్చడానికి మరో వెడ్జిని విడిగా కొనవలసి వస్తున్నది.

చివరకు ఒకప్పుడు ఆటగాళ్ళ బ్యాగు మోసే క్యాడీగా పనిచేసి, ఇప్పుడు చిన్న షెడ్డులో మరమ్మతులు చేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయనది చిత్తూరు వైపు. తలను కిటికీ వెలుగులో తిప్పి చూసి, "ఇనుముకేం కాలేదు సార్, జిగురు చచ్చిపోయింది అంతే. బ్యాగు కారు డిక్కీలోనే ఉంచుతారా?" అని అడిగారు. అవునన్నాను. ఎండలో డిక్కీ వేడికి ఎపాక్సీ జిగురు పట్టు సడలుతుందనీ, తలను ఊడదీయాలంటే తాము చేసేది కూడా వేడి పెట్టడమేననీ చెప్పారు. తలలో షాఫ్టు (క్లబ్బు కాడ) దూరే గొట్టంలోని పాత జిగురును గుండ్రటి ఆకురాయితో గీకి, షాఫ్టు చివరను గరుకు కాగితంతో రుద్ది, ఫెరూల్ అనే నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఎక్కించి, జిగురు రెండు పాళ్ళూ అట్టముక్క మీద సమంగా కలిపి పట్టించారు. దాన్ని మర్నాటి వరకూ గోడకు ఆనించే ఉంచారు.

గ్రిప్పులు నా కళ్ళ ముందే మార్చారు. కొక్కెం లాంటి బ్లేడుతో పాత రబ్బరును చీల్చి తీసి, షాఫ్టుకు రెండువైపులా అంటుకునే టేపు చుట్టారు. కొత్త గ్రిప్పు చివరి రంధ్రాన్ని బొటనవేలితో మూసి, లోపల కొంచెం పెట్రోలు పోసి కుదిపి, దాన్నే టేపు మీద ఒంపి, ఆగకుండా ఒకే తోపులో ఎక్కించారు. మధ్యలో ఆగితే అక్కడే బిగిసిపోతుందట. గ్రిప్పు ధర, కూలి కలిపి క్లబ్బుకు వెయ్యి రూపాయలు దాటలేదు. ఆ తర్వాత ఆడిన మొదటి రోజునే, ఇన్నాళ్ళూ జారుతుందన్న భయంతో క్లబ్బును ఎంత గట్టిగా పిసుకుతున్నానో నా ముంజేతులకు తెలిసింది. ఇంత నేర్పున్న మనిషికి ఒక్క దుకాణంలోనూ చోటు లేకపోవడం నాకు నేటికీ బాధగానే ఉంటుంది.

దూరం గురించి మీకు దిగులుంటే మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్‌ను గుర్తు చేసుకోండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె బంతిని దూరం కొట్టడంలో మిగతావారికన్నా వెనుకబడి కూడా, పుట్టింగ్ (బంతిని నెమ్మదిగా రంధ్రంలోకి దొర్లించడం) బలంతో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యం ఒక్క స్ట్రోకు తేడాతో చేజారింది.

మీ సెట్టులో స్టీలు షాఫ్టు వంగి ఉన్నా, గ్రాఫైట్ షాఫ్టు మీద సన్నని చీలిక కనిపించినా దానితో ఆడవద్దు, ఆ షాఫ్టు మార్పించండి. మీరు మామగారికన్నా బాగా పొడుగైతే లై కోణం, అంటే క్లబ్బును నేలకు ఆనించినప్పుడు షాఫ్టు నేలతో చేసే కోణం, కూడా చూపించుకోండి. దాన్ని సరిచేయాలంటే తల మెడను వంచాలి. ఫోర్జ్ చేసిన, అంటే కొట్టి మలిచిన, తలలు సులువుగా వంగుతాయి, పోత పోసినవి మొండికేస్తాయి, ఒక్కోసారి పగులుతాయి. అన్నిటికన్నా దూరం కొట్టే పెద్ద తల క్లబ్బు, డ్రైవరు, ఒక్కటి మాత్రం నేను కొత్తది కొన్నాను. బావగారి డ్రైవరు తల నా పిడికిలికన్నా కొంచెమే పెద్దది, ఇప్పటివి నిబంధన అనుమతించే 460 ఘన సెంటీమీటర్ల దాకా ఉంటున్నాయి. బ్యాగులో 14 క్లబ్బులు మించకూడదన్నదే నియమం, అన్నీ ఒకే సెట్టువి కానక్కరలేదు.