బర్మింగ్‌హామ్ 1963: ముందు నడిచింది పిల్లలే

అమెరికాలో నల్లజాతివాళ్ల అహింసా పోరాటంలో కుర్రకారు నిజంగా ఏమైనా చేశారా, లేక మార్టిన్ లూథర్ కింగ్ వెనకాల నడిచారా అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్నాను కాబట్టి ఆ ఊరి సంగతే చెబుతాను. అక్కడ పిల్లలు ముందు నడిచారు, పెద్దలు వెనక వచ్చారు.

నల్లవాళ్లని హోటళ్లలో, దుకాణాల్లో వేరుగా ఉంచే పద్ధతి మీద అక్కడ పోరాటం; ఊరేగింపుగా వెళ్లి అరెస్టయి జైళ్లు నింపడమే పద్ధతి. 1963 ఏప్రిల్‌లో కింగ్ జైలుకెళ్లి వచ్చేసరికి ఉద్యమం చల్లబడింది, అరెస్టవడానికి మనుషులు దొరకట్లేదు. పెద్దవాళ్లకి ధైర్యం లేక కాదు, ఒక్కసారి అరెస్టయితే పని పోతుంది, అద్దె కట్టలేరు, ఇంట్లో పిల్లలు పస్తులుంటారు. బడి పిల్లలకి ఊడిపోయే ఉద్యోగం లేదు కదా! ఇది పట్టుకున్నది కింగ్ సహచరుడు జేమ్స్ బెవెల్, అప్పటికి అతనికి 26 ఏళ్లు. పిల్లల్ని దించడానికి కింగ్ కూడా మొదట తటపటాయించాడు.

బెవెల్ నాష్‌విల్‌లో జేమ్స్ లాసన్ దగ్గర తర్ఫీదైనవాడు. ఈ లాసన్ మన నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీ పద్ధతులు నేర్చుకుని వెళ్లిన మనిషి. ఆయన క్లాసుల్లో కొందరు విద్యార్థులు తెల్ల గుంపులా నటిస్తూ మిగతావాళ్లని తిట్టేవాళ్లు, జుట్టు లాగేవాళ్లు, ముఖాన సిగరెట్ పొగ ఊదేవాళ్లు, కుర్చీలోంచి ఈడ్చేసేవాళ్లు. తెల్లవాళ్లకే అన్న హోటల్ బల్లల దగ్గర కూర్చుని నిరసన తెలపడానికి సాధన ఇది, కూర్చున్నవాళ్లు మాత్రం చెయ్యెత్తకూడదు. ఆ సాధన లేకపోతే ముఖాన ఉమ్మేసినా కదలకుండా కూర్చోవడం పద్దెనిమిదేళ్ల వయసులో ఎవరి వల్ల అవుతుంది?

మే 2న రేడియోలో నల్లజాతి డీజేలు సంకేతంగా పార్కులో పార్టీ ఉందని, టూత్‌బ్రష్ తెచ్చుకోమని చెప్పారు, అంటే జైలుకి సిద్ధపడి రమ్మని. మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒకావిడ అప్పుడు పదమూడేళ్ల పిల్ల. వాళ్ల టీచరమ్మ బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తూనే ఉండిపోయిందట, ఈలోగా పిల్లలంతా ఒక్కొక్కరే జారుకున్నారట. సిక్స్‌టీంత్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలోంచి గుంపులు గుంపులుగా పాడుకుంటూ బయటికొచ్చారు. వ్యాన్లు చాలక పోలీసులు స్కూలు బస్సులు తెప్పించారు. మర్నాడు పోలీసు వ్యవహారాలు చూసే బుల్ కానర్ ఫైరింజన్ల నీళ్లు కొట్టించి, కుక్కల్ని వదిలాడు. ఆ ఫోటోలు చూసి ప్రపంచమంతా అమెరికాని నిలదీసింది.

పిల్లల్ని ముందు పెట్టడం తప్పని మరో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ అన్నాడు. నేనూ ఆడపిల్ల తండ్రినే, ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేను. కానీ మా ఆఫీసు ఆవిడ మాత్రం మమ్మల్ని ఎవరూ పెట్టలేదు, మేమే వెళ్లాం అంది, జైల్లో మొదటి రాత్రి అమ్మ కోసం ఏడ్చానని కూడా చెప్పింది.

మే 10న ఒప్పందం కుదిరింది: లంచ్ కౌంటర్లు, ట్రయల్ రూములు, మంచినీళ్ల కుళాయిలు విడతలవారీగా అందరికీ ఒకటే చేస్తామని. ఊరేగింపులకి వెళ్లినందుకు వెయ్యిమందికి పైగా విద్యార్థులని బడుల నుంచి తీసేస్తే కోర్టు మళ్లీ చేర్పించింది. సెప్టెంబర్ 15న అదే చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపేశారు. పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది, అదే ఊపులో, దేశాలవారీ వలస కోటాలు ఎత్తేశారు, మన తెలుగువాళ్లు ఇంతమంది అమెరికాకి రాగలిగింది ఆ తర్వాతే.

అటువైపు వెళ్తే చర్చి ఎదుట కెల్లీ ఇంగ్రామ్ పార్కు తప్పక చూడండి. దారికి రెండువైపుల నుంచీ కుక్కలు మీదికి దూకుతున్నట్టు శిల్పాలుంటాయి, వాటి మధ్యలోంచే నడవాలి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.