గోమారి కరిస్తే లైమ్ వ్యాధి వస్తుందా?

ప్రశ్న: నాకు ఆరు గేదెలు, రెండు ఆవులు ఉన్నాయి. మూడు రోజుల క్రితం ఉదయం కొట్టం శుభ్రం చేసి పశువులను కడిగాను. సాయంత్రం స్నానం చేస్తుండగా మోకాలి వెనుక ఒక గోమారి పట్టుకొని ఉండటం చూశాను. ముదురు గోధుమ రంగులో చదునుగా ఉంది, కాళ్లపై తెల్లటి పట్టీలు ఉన్నాయి. దానిపై కిరోసిన్ చుక్క వేసి, వేళ్లతో లాగి, గోటితో నలిపేశాను. ఇప్పుడు అక్కడ గోరు వెడల్పున ఎర్రబడి దురద పెడుతోంది. గోమారి కాటు వల్ల లైమ్ వ్యాధి వస్తుందని, కీళ్లు, నరాలు, గుండె దెబ్బతింటాయని ఫోనులో చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలా? మందులు వాడాలా? నా నుంచి గానీ, పాల ద్వారా గానీ పిల్లలకు సోకుతుందా? – ఒక పాడి రైతు

జవాబు: నిద్ర పట్టడం లేదని రాశారు కనుక ముందుగా సూటిగా చెబుతాను. మీరు వర్ణించిన గోమారిని బట్టి, అది మీ ఒంటిపై ఉన్న సమయాన్ని బట్టి, కాటు దగ్గర కనిపిస్తున్న ఎరుపును బట్టి చూస్తే లైమ్ వ్యాధి గురించి మీరు భయపడవలసిన పని లేదు. ఇప్పుడు రక్తపరీక్ష వద్దు, మందులు కూడా వద్దు. అయితే కాటు పడిన రోజు నుంచి రెండు వారాల పాటు జ్వరం వస్తుందేమోనని తప్పక గమనించుకోండి. ఆ జాగ్రత్త లైమ్ కోసం కాదు, వేరే కారణం కోసం; దాన్ని కింద వివరంగా రాస్తాను.

లైమ్ వ్యాధికి కారణం బొరేలియా బర్గ్‌డోర్ఫెరి అనే మెలికలు తిరిగిన బాక్టీరియా, దానికి దగ్గరి బంధువులైన మరికొన్ని జాతులు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే పట్టణం చుట్టుపక్కల 1970ల్లో చాలామంది పిల్లలకు ఒకేసారి కీళ్ల వాపులు రావడంతో వైద్యులు ఆరా తీయడం మొదలుపెట్టారు. విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త గోమార్ల పొట్టలో ఈ బాక్టీరియాను గుర్తించిన తరువాత, 1982లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. ఈ వ్యాధిపై నేడు ఫోనులో దొరికే సమాచారంలో అధిక భాగం ఉత్తర అమెరికా, ఐరోపా ప్రజల కోసం రాసినదే. అందులో తప్పు లేదు. కానీ ఆ సమాచారమంతా ఒక ప్రత్యేకమైన గోమారిని దృష్టిలో పెట్టుకొని రాసినదన్న సంగతి చదివేవారికి తెలియకపోవడం వల్లే మీలాంటి వారికి భయం పుడుతోంది.

ఆ గోమారి పేరు ఇక్సోడిస్. అది చల్లగా, తేమగా, ఆకులు రాలి పరుచుకొని ఉండే అడవుల్లో, వాటి అంచుల్లో బతుకుతుంది. ఉత్తర అమెరికాలో ఒక జాతి తూర్పున, మరొకటి పశ్చిమ తీరంలో ఉంటే, ఐరోపాలో ఇంకొకటి, రష్యా నుంచి తూర్పు ఆసియా వరకు వేరొకటి ఈ వ్యాధిని మోస్తున్నాయి. ఇక్సోడిస్ పిల్లలు గుడ్డు నుంచి వచ్చేటప్పుడు లైమ్ బాక్టీరియాను మోసుకురావు. ఎలుకల వంటి చిన్న జంతువుల రక్తం తాగినప్పుడు దాన్ని అంటించుకొని, తరువాతి దశలో మనిషిని కరిచినప్పుడు అందిస్తాయి. పశువులు ఈ బాక్టీరియాను పెంచి పోషించే జంతువులు కావు కనుక, ఆవులు, గేదెలు ఉన్నంత మాత్రాన లైమ్ ముప్పు పెరగదు.

మీ ఒంటిపై దొరికిన దాని కాళ్లపై తెల్లటి పట్టీలు ఉన్నాయని రాశారు. ఇది చాలా పనికివచ్చే వివరం. కాళ్లపై అలా పట్టీలు ఉండి, చురుకుగా పరుగెత్తే గోమార్లు ఎక్కువగా హయలోమా జాతివి. ఇవి పొడి, వేడి వాతావరణాన్ని తట్టుకొని, కొట్టం గోడల పగుళ్లలో, పేడకుప్పల అంచుల్లో దాగి, పశువు గానీ మనిషి గానీ దగ్గరికి వస్తే వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంటాయి. పశువుల పొదుగు, చెవులు, తోక మొదట్లో గుంపులుగా కనిపించే చిన్న నీలి బూడిద రంగు గోమార్లు రిపిసెఫాలస్ జాతివి. అవి పిల్ల దశ నుంచి పెద్దయ్యే దాకా ఒకే పశువుపై గడిపేస్తాయి కనుక మనుషులను అరుదుగానే పడతాయి. ఈ రెండూ మనిషికి లైమ్ వ్యాధిని చేరవేసేవి కావు. ఉత్తరం చదివి చేసే గుర్తింపు చేతిలో పట్టుకొని చేసినంత కచ్చితం కాదు కనుక, ఇకపై ఏ గోమారి కరిచినా దాన్ని నలపకుండా స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, మూతపై తేదీ రాసి ఉంచండి. జ్వరం వచ్చిన పక్షంలో వైద్యునికి ఆ సీసా ఎంతో ఉపకరిస్తుంది.

రెండో విషయం సమయం. ఇక్సోడిస్ గోమారే కరిచిందనుకున్నా, లైమ్ బాక్టీరియా దాని పొట్టలో ఉంటుంది. రక్తం తాగడం మొదలైన తరువాతే అది లాలాజల గ్రంథులకు చేరి మన ఒంట్లోకి వస్తుంది. ఇందుకు సాధారణంగా 36 నుంచి 48 గంటలు పడుతుందని అమెరికా గోమార్లపై జరిగిన పరిశోధనలు చూపాయి, 24 గంటల లోపు తీసేస్తే సోకే అవకాశం చాలా తక్కువ. మీరు ఉదయం పశువులను కడిగి, సాయంత్రానికే దాన్ని చూశారు, అది ఉబ్బకుండా చదునుగానే ఉంది. రక్తం తాగి ఎన్నో గంటలు గడవలేదనడానికి ఇదే గుర్తు.

ఇక ఎర్రటి మచ్చ సంగతి. కాటు పడిన ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి, దురద పెడుతూ, చిన్నదిగా ఉండే ఎరుపు గోమారి లాలాజలానికి చర్మం చూపే ప్రతిస్పందన మాత్రమే. కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. లైమ్ మచ్చ తీరు వేరు. అది కాటు పడిన 3 నుంచి 30 రోజుల మధ్య, సాధారణంగా వారం తరువాత మొదలై, రోజురోజుకూ విస్తరించి 5 సెంటీమీటర్లు దాటుతుంది. కొందరిలో 30 సెంటీమీటర్ల దాకా వ్యాపిస్తుంది. దురద గానీ నొప్పి గానీ పెద్దగా ఉండదు. మధ్యలో రంగు తగ్గి చుట్టూ వలయంలా కనిపించవచ్చు, అంతా ఒకే ఎరుపుగా ఉండిపోనూవచ్చు. సోకినవారిలో సుమారు 70 నుంచి 80 శాతం మందికి ఈ మచ్చ వస్తుంది. మీ సందేహం తీరాలంటే ఇప్పటి ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో ఒక గీత గీసి, రోజుకు ఒకసారి చూసుకోండి. గీత దాటి పెరుగుతూ పోతేనే వైద్యునికి చూపించాలి.

రక్తపరీక్ష వద్దనడానికి కారణం ఖర్చు కాదు. లైమ్ కోసం చేసే పరీక్ష బాక్టీరియాను నేరుగా చూడదు, దానికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెదుకుతుంది, అవి తయారు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. కాటు పడిన మూడో రోజు చేసిన పరీక్షలో ఏమీ లేదని వస్తే ధైర్యపడలేము. పైగా లైమ్ అరుదైన చోట పాజిటివ్ అని వచ్చినా, అది వేరే సూక్ష్మజీవుల పట్ల పుట్టిన యాంటీబాడీల వల్ల వచ్చిన తప్పుడు ఫలితం కావచ్చు. అలాంటి ఒక కాగితం చేతికి వస్తే లేని జబ్బుకు నెలల తరబడి మందులు మింగే పరిస్థితి ఏర్పడుతుంది, ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. ఇక్సోడిస్ గోమార్లు, లైమ్ వ్యాధి రెండూ విస్తారంగా ఉన్న ప్రాంతాల్లో మాత్రం, గోమారి 36 గంటలకు మించి పట్టుకొని ఉందని తేలితే, తీసిన 72 గంటల లోపు వైద్యులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను ఒక్క మోతాదు ఇస్తారు. మచ్చ వచ్చిన వారికి కూడా 10 నుంచి 14 రోజుల యాంటీబయాటిక్‌తో దాదాపు అందరికీ నయమవుతుంది. మీరు చదివిన కీళ్ల వాపు, ముఖం ఒక పక్కకు లాగడం, గుండె లయ తప్పడం వంటివి చికిత్స అందని వారిలో వారాలు, నెలల తరువాత కనిపించేవి.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడవలసిన విషయానికి వస్తాను. మీరు ఆ గోమారిని గోటితో నలిపేశానని రాశారు. పాడి రైతులు పశువుల మీది గోమార్లను ఇలా వేళ్లతో చిదమడం తరచుగా చూస్తుంటాను. దయచేసి ఇది మానండి. హయలోమా గోమార్లు కొన్ని దేశాల్లో క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం అనే వైరస్ వ్యాధిని మోస్తాయి. 1944లో క్రిమియాలో మొదట వర్ణించిన ఈ జ్వరం ఆఫ్రికా, బాల్కన్ దేశాలు, పశ్చిమాసియా, ఆసియాలోని ఇతర ప్రాంతాల్లో ఉంది. గోమారి కాటుతోనే కాక, దాన్ని చిదిమినప్పుడు వచ్చే ద్రవం గానీ, వైరస్ ఉన్న పశువు రక్తం గానీ చేతి మీది చిన్న గాయానికి తగిలినా సోకుతుంది. పశువులో జబ్బు లక్షణమేదీ పైకి కనిపించదు కనుక చూసి పోల్చుకోవడం సాధ్యం కాదు. ఇది అరుదైన వ్యాధి, మీకు వస్తుందని నేను అనడం లేదు. అయితే కాటు తరువాత సాధారణంగా 1 నుంచి 3 రోజుల్లో, ఆలస్యమైతే 9 రోజుల్లో, రక్తం తగలడం వల్ల అయితే 13 రోజుల లోపు జ్వరం మొదలవుతుంది కనుకనే రెండు వారాల గడువు చెప్పాను. గోమార్ల వల్ల వచ్చే మచ్చల జ్వరాలు, అంటే రికెట్సియా జ్వరాలు కూడా చాలావరకు ఈ గడువులోనే బయటపడతాయి. వీటిలో కొన్నిటికి కాటు పడిన చోట నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఏర్పడుతుంది. కాబట్టి ఈ రెండు వారాల్లో హఠాత్తుగా జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు, ఒంటిపై మచ్చలు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వంటివి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, గోమారి కరిచిందని, దాన్ని చేతితో నలిపానని మీరే ముందుగా చెప్పండి. అడిగితే చెబుదామని ఊరుకోవద్దు, ఎందుకంటే జ్వరంతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్న అడగరు.

మీ పిల్లలకు లైమ్ వ్యాధి మీ నుంచి సోకదు. ముట్టుకోవడం, దగ్గు, ఒకే కంచంలో తినడం వల్ల అది వ్యాపించదు, పాల ద్వారా కూడా వ్యాపించదు. అయినా పాలను కాచి తాగండి. గోమార్ల ద్వారా మెదడువాపు తెచ్చే ఒక వైరస్ ఐరోపాలో పచ్చిపాల ద్వారా సోకిన సందర్భాలు ఉన్నాయి, క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులకూ పచ్చిపాలు దారి. పిల్లలు కొట్టంలో ఆడుకుంటే మాత్రం సాయంత్రం చెవుల వెనుక, తల వెంట్రుకల్లో, చంకల్లో, గజ్జల్లో, మోకాళ్ల వెనుక గోమార్లు ఉన్నాయేమో చూడండి. పెద్దలు కూడా పని ముగించిన రెండు గంటల లోపు స్నానం చేస్తే, ఇంకా పట్టుకోని గోమార్లు కడుక్కుపోతాయి, పట్టుకున్నవి కంటపడతాయి.

గోమారి మళ్లీ పడితే కిరోసిన్, వాజిలిన్, కాల్చిన అగ్గిపుల్ల ఏదీ వాడవద్దు. ఇవి దానిని రేపి, లోపలి ద్రవాన్ని గాయంలోకి కక్కేటట్టు చేయవచ్చు. సన్నని మొన ఉన్న పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా, దాని పొట్ట నొక్కకుండా తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. నోటి భాగం చర్మంలో కొంచెం మిగిలిపోయినా తవ్వి తీయవద్దు, చర్మమే దాన్ని బయటకు నెట్టేస్తుంది. తరువాత కాటును, చేతులను సబ్బుతో కడుక్కోండి. పట్టకారు అందుబాటులో లేకపోతే పలుచని గుడ్డ గానీ తొడుగు గానీ వేలికి చుట్టుకొని తీయండి. పశువులపై పిచికారీ చేసే మందును మీ ఒంటికి ఎట్టి పరిస్థితుల్లోనూ రాసుకోవద్దు.

మీ ఒంటి మీదికి వచ్చిన గోమారి మీ కొట్టం నుంచే వచ్చింది కనుక అక్కడా పని ఉంది. పశువులకు మందు కొట్టి ఊరుకుంటే లాభం లేదు. రక్తం తాగిన ఆడ గోమారి కింద పడి, గోడ పగుళ్లలో వేల కొద్దీ గుడ్లు పెడుతుంది; వాటి నుంచి వచ్చిన పిల్లలు వారాల తరబడి పశువు కోసం ఎదురుచూస్తూ బతకగలవు. అందుకే పగుళ్లను పూడ్చి, గోడలకు సున్నం వేయించి, పేడకుప్పను కొట్టానికి దూరంగా మార్చి, పశువులతో పాటే గోడలకు, నేలకు కూడా అదే రోజు మందు పిచికారీ చేయించండి. రెండు వారాల తరువాత మరోసారి చేయాలి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ వంటి మందుల్లో ఏది వాడాలో మీ పశువైద్యుని అడిగి, సీసాపై ఉన్న మోతాదులోనే కలపండి. పలుచగా కలిపి పదేపదే కొట్టడం వల్లనే గోమార్లు మందులకు లొంగకుండా తయారవుతున్నాయి. పిచికారీకి ముందు పశువులకు కడుపునిండా నీళ్లు తాగించి, ఎండ తగ్గాక, చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ కట్టుకొని, గాలి వాలుగా చేయండి. ఒళ్లు ఆరేదాకా నాకకుండా, దూడలు పొదుగు దగ్గరకు రాకుండా చూడాలి. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పాలలోకి చేరుతుంది, పాలిచ్చే పశువులకు దాన్ని సొంతంగా వేయవద్దు.

మీ రెండు ఆవులు సంకరజాతివైతే వాటి మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. హయలోమా గోమార్లు మోసే థైలీరియాసిస్ అనే పశువుల రక్తపు జబ్బు వాటిని త్వరగా దెబ్బతీస్తుంది. ఎక్కువ జ్వరం, జబ్బ ముందున్న గ్రంథుల వాపు, మేత మానడం, పాలు పడిపోవడం, కంటి పొరలు పాలిపోవడం కనిపించిన రోజే పశువైద్యుని పిలిచి రక్తపు పూత పరీక్ష చేయించండి. ఈ జబ్బుకు వేసే బ్యుపార్వాక్వోన్ ఇంజెక్షన్ మొదటి రోజుల్లో పనిచేసినంతగా, ఆవు కూలబడిన తరువాత పనిచేయదు.