పాత వీడియో గేమ్ మాన్యువళ్లు: కాగితం మీది, అందులోని రచన ఎవరిది?

ప్రశ్న: నేను 8 బిట్, 16 బిట్ కాలం (1980లు, 90ల మొదలు) నాటి వీడియో గేమ్‌ల అసలు మాన్యువళ్లు సేకరిస్తున్నాను. గేమ్ నిక్షిప్తమై ఉండే కార్ట్రిడ్జ్‌లు (ఆట యంత్రంలో పెట్టే డబ్బాలు) ఇంకా దొరుకుతున్నాయి గానీ, వాటితోపాటు పెట్టెలో వచ్చిన పుస్తకాలు చాలావరకు చిరిగిపోయి చెత్తలో కలిసిపోయాయి. ఉన్నవి కూడా పోకముందే నా దగ్గరున్నవన్నీ స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించాలని ఉంది. ఆ గేమ్‌లు చేసిన కంపెనీల్లో కొన్ని ఎప్పుడో మూతపడ్డాయి. అయినా చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా? పాత ప్రతుల్ని కొనడం, అమ్మడం మాటేమిటి? ఇంకొక సంగతి: ‘ఒరిజినల్’ అని చెప్పి ఒకరు నాకు అమ్మిన మాన్యువల్ ఈమధ్య అచ్చు వేసిందేమోనని అనుమానంగా ఉంది. అడిగితే డబ్బు తిరిగి ఇవ్వనంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: కొనడం, అమ్మడం గురించి మీరు నిశ్చింతగా ఉండండి. హక్కుదారు అనుమతితో అచ్చయి, ఒకసారి న్యాయబద్ధంగా అమ్ముడుపోయిన ప్రతిపై పంపిణీ హక్కు ఆ అమ్మకంతోనే తీరిపోతుంది. తర్వాత అది ఎన్ని చేతులు మారినా కంపెనీ అడ్డుపడలేదు. జపాన్‌లో గేమ్ కంపెనీలు వాడిన గేమ్‌ల అమ్మకాలను ఆపించడానికి కోర్టుకెక్కితే, 2002 ఏప్రిల్ 25న ఆ దేశ సుప్రీంకోర్టు వాటి వాదనను తోసిపుచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 2013లో కిర్ట్‌సెంగ్ కేసులో, విదేశంలో అచ్చయిన ప్రతికి కూడా ఈ సూత్రం వర్తిస్తుందని తేల్చింది. అది పాఠ్యపుస్తకాలకు సంబంధించిన కేసే అయినా, మాన్యువల్ కూడా అచ్చుపుస్తకమే కదా.

స్కానింగ్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. మీరు కొన్నది ఆ కాగితాన్ని. అందులోని వాక్యాలు, బొమ్మలు, పటాలు, పుటల అమరిక మీద హక్కు మీకు రాలేదు. ఈ తేడా ఎంత పదునైనదో మీ విషయానికి అచ్చంగా సరిపోయే ఒక కేసు చూపిస్తుంది. 1980ల చివర్లో అమెరికాలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ సంస్థ, జపాన్ గేమ్ కంపెనీ నింటెండో గేమ్‌లను కూడా అద్దెకిచ్చేది. అద్దెకు తీసుకున్నవాళ్లు మాన్యువళ్లు పోగొడుతుంటే, వాటి బదులు ఫోటోకాపీలు తీసి పెట్టెలో ఉంచేది. గేమ్‌లు అద్దెకివ్వడం నింటెండోకు ఏమాత్రం ఇష్టం లేకపోయినా, అమెరికా చట్టంలో దాన్ని ఆపే దారి దొరకలేదు. 1989లో అది కోర్టుకు వెళ్లింది మాన్యువళ్ల ఫోటోకాపీల మీద. చివరికి వ్యవహారం కోర్టు బయటే పరిష్కారమైంది. గేమ్‌ను అద్దెకివ్వడం తప్పు కాదు, దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని నకలు తీయడం మాత్రం దావాకు సరిపోయింది. మాన్యువల్‌ను గేమ్‌కు తోక అనుకుని తేలిగ్గా తీసుకునేవారందరికీ నేను ఈ కేసే చెబుతుంటాను.

కంపెనీ మూతపడినంత మాత్రాన హక్కు మూతపడదు. కాపీరైట్ ఆస్తి. దివాలాలో అమ్ముడుపోతుంది, విలీనంలో మరో కంపెనీకి చేరుతుంది, ఒక్కోసారి అసలు ఏం కొన్నామో కొన్నవారికే తెలియకుండా పాత దస్త్రాల్లో పడి ఉంటుంది. గడువు కూడా చిన్నది కాదు. అమెరికాలో ఉద్యోగుల చేత సంస్థ రాయించిన రచనకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. అంటే 1977లో అటారీ ఆట యంత్రంతోపాటు వచ్చిన మాన్యువల్‌కు 2072 చివరిదాకా రక్షణ ఉండవచ్చు. జపాన్‌లో సంస్థ పేరుతో వెలువడిన రచనకు ప్రచురణ తర్వాత 70 ఏళ్లు. 2018 డిసెంబరు 30కి ముందు అది 50 ఏళ్లే. ఆ లెక్కన 1983 నాటి ఫ్యామికామ్ (నింటెండో ఆట యంత్రం) మాన్యువల్ 2053 చివరివరకు రక్షణలోనే ఉంటుంది. బెర్న్ ఒప్పందంలో (కాపీరైట్‌పై అంతర్జాతీయ ఒప్పందం) చేరిన దేశాలు ఒకరి రచనలను మరొకరు కాపాడాలి కాబట్టి, మీరు వేరే దేశంలో ఉన్నానని ధీమాగా ఉండటానికి వీల్లేదు.

సేకర్తలు కొందరు ‘పుస్తకం మీద కాపీరైట్ గుర్తు లేకపోతే ఎవరైనా వాడుకోవచ్చు’ అంటుంటారు. ఆ మాట నమ్మకండి. 1989 మార్చి 1కి ముందు అమెరికాలో గుర్తు లేకుండా ప్రచురిస్తే హక్కు పోయే ప్రమాదం ఉండేది, నిజమే. కానీ 1978 తర్వాత వచ్చినవాటికి ఆ లోపాన్ని నమోదుతో సరిదిద్దుకునే వీలుండేది. ఆ కారణంగా రక్షణ కోల్పోయిన విదేశీ రచనలకు 1996లో చాలావరకు హక్కులు తిరిగి వచ్చాయి. ఒక్కో మాన్యువల్‌కు ఈ చరిత్ర అంతా తవ్వకుండా ‘ఇది ఎవరిదీ కాదు’ అని చెప్పడం కుదరదు.

ఉచితంగా ఇస్తున్నాను కదా అనేది మంచి మనసే గాని, కోర్టులో నిలిచే సమాధానం కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ లాభాపేక్ష లేని సంస్థ. తన దగ్గరున్న అచ్చుపుస్తకాలను స్కాన్ చేసి, డబ్బు తీసుకోకుండానే చదవడానికి ఇచ్చింది. ప్రచురణకర్తలు దావా వేస్తే, 2024 సెప్టెంబరులో అమెరికా అప్పీలు కోర్టు ఆ పనిని న్యాయమైన వినియోగంగా (అనుమతి లేకుండా వాడుకోవడానికి చట్టం ఇచ్చే వెసులుబాటు) అంగీకరించలేదు. మాన్యువళ్ల విషయంలో కంపెనీలు చాలాసార్లు చూసీచూడనట్టు ఊరుకుంటున్నాయి. అది వాటి దయ. రేపు అదే గేమ్‌ను మళ్లీ విడుదల చేస్తూ, పాత మాన్యువల్‌ను కూడా జతచేసిన రోజున ఆ దయ ఉండకపోవచ్చు.

ఇది రాస్తున్నప్పుడు నాకు బాధగానే ఉంది. మీ ఆతృతకు కారణం నాకు తెలుసు. ఆ కాలపు కార్ట్రిడ్జ్‌లో జాగా చాలా తక్కువ. కథ, పాత్రల పరిచయం, పటాలు, ఏ మీట నొక్కితే ఏమవుతుందన్న వివరం, అన్నీ కాగితం మీదే ఉండేవి. 1990లో వచ్చిన స్టార్‌ట్రాపిక్స్‌లో అయితే పెట్టెలో ఒక ఉత్తరం కూడా ఉండేది. దాన్ని నీళ్లలో ముంచితే 747 అనే సంఖ్య బయటపడుతుంది, అది ఇవ్వకపోతే ఆట ముందుకు సాగదు. కాగితం పోతే అలాంటి ఆటలో సగం పోయినట్టే. (మీ దగ్గర ఆ ఉత్తరం తడవకుండా ఉంటే, పరీక్షించి చూడాలన్న కోరిక ఆపుకోండి. ఒకసారి తడిసిందంటే మళ్లీ మామూలు కాదు.) వాణిజ్యంగా ఎప్పుడో చచ్చిపోయిన ముద్రణలను భద్రపరిచేవారికి చట్టం ఇంతకంటే దారి ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పటికి ఉన్న దారి గ్రంథాలయాలది. అమెరికా చట్టంలో గ్రంథాలయాలు, ఆర్కైవులు పాడైపోతున్న ప్రతికి బదులుగా, కొత్త ప్రతి సరసమైన ధరకు దొరకనప్పుడు, మూడు నకళ్ల వరకు తీసుకోవచ్చు. డిజిటల్ నకలును మాత్రం తమ ఆవరణలోనే చూపించాలి. ఈ వెసులుబాటు సంస్థలకే, వ్యక్తులకు లేదు. అమెరికాలో రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియం, ఓక్లాండ్‌లోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వంటివి ఇదే పనిమీద ఉన్నాయి. మీ సేకరణలో అరుదైనవి ఉంటే, స్కాన్లను బహిరంగంగా పెట్టే ముందు అలాంటి ఒక సంస్థతో మాట్లాడండి.

మీ సొంతానికి స్కాన్ చేసుకోవచ్చా? మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు, సమాధానం దాని మీదే ఆధారపడుతుంది. జపాన్ చట్టం వ్యక్తిగత వాడకానికి నకలును అనుమతిస్తుంది. భారత చట్టంలోనూ వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు మినహాయింపు ఉంది. బ్రిటన్ 2014లో అలాంటి మినహాయింపు తెచ్చింది గానీ, మరుసటి ఏడాదే అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఏ దేశమైనా, మీ కంప్యూటర్ దాటని నకలు మీద దావా దాకా వెళ్లడం అరుదు. బయట పెట్టినప్పుడే చిక్కు.

బయట పెట్టగలిగినవి కూడా తక్కువేమీ కాదు. ఆట నియమాలకు, పద్ధతులకు కాపీరైట్ లేదు; వాటిని చెప్పిన తీరుకే ఉంది. కాబట్టి ఏ మాన్యువల్‌లోని సమాచారాన్నయినా మీ మాటల్లో, మీ బొమ్మలతో మళ్లీ రాసి ఇవ్వవచ్చు. ఏ గేమ్‌కు ఎన్ని ముద్రణలు వచ్చాయి, ఎన్ని పుటలు, దేనికి ఏ తేడా అన్న పట్టిక తయారు చేయవచ్చు. అసలు ముద్రణను గుర్తుపట్టడానికి చిన్న పరిమాణంలో అట్ట ఫోటో, విమర్శ కోసం ఒకటి రెండు వాక్యాలు వాడితే సాధారణంగా సమర్థించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. చాలా మాన్యువళ్ల చివర రాసుకోవడానికి ఖాళీగా వదిలిన ‘మెమో’ పుటలుంటాయి. వాటిలో పాత యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు ఉంటే ఫోటోలో కనబడకుండా చేయండి.

ఇక మీ అనుమానపు మాన్యువల్. మంచి భూతద్దంతో నల్లటి అక్షరాల అంచు చూడండి. ఆ కాలపు ఆఫ్‌సెట్ ముద్రణలో నల్ల అక్షరం సాధారణంగా ఒకే సిరాతో నిండుగా, అంచు పదునుగా ఉంటుంది. బొమ్మల్లో మాత్రమే రంగు చుక్కలు చిన్న పువ్వుల్లా పేర్చినట్టు కనిపిస్తాయి. స్కాన్ నుంచి మళ్లీ అచ్చు వేసినదైతే అక్షరాలు కూడా రంగు చుక్కలతోనే ఏర్పడి, అంచులు పలచబడి ఉంటాయి. పిన్నులు ఊడదీయకండి, పరీక్ష పేరుతో పాడుచేశారని అవతలివారు వాదిస్తారు.

అది పునర్ముద్రణేనని తేలితే, మోసం చేశారంటూ పోలీసుల దగ్గరికి పరుగెత్తకండి. మోసమనాలంటే అమ్మినవారికి ముందే తెలుసునని మీరు రుజువు చేయాలి. వారు కూడా తెలియక కొని ఉండవచ్చు. దానికంటే బలమైన ఆధారం ఉంది: వస్తువు వర్ణనకు తగ్గట్టు లేదు. వర్ణన చూసి కొన్న వస్తువు దానికి సరిపోకపోతే, అమ్మినవారికి తెలిసినా తెలియకపోయినా డబ్బు తిరిగి అడిగే హక్కు చాలా దేశాల చట్టాల్లో ఉంది. అందుకే ‘ఒరిజినల్’ అన్న మాట ఉన్న ప్రకటనను ఇప్పుడే ఫోటో తీసి దాచుకోండి, తర్వాత మార్చేస్తారు. మీ మధ్య నడిచిన సందేశాలు, చెల్లింపు రసీదు, భూతద్దం కింద తీసిన ఫోటోలు జతచేసి, గడువు పెట్టి లిఖితపూర్వకంగా అడగండి. అమ్మింది వ్యాపారి అయితే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు. మీలాంటి మరో సేకర్త అయితే చాలాచోట్ల ఆ దారి ఉండదు, సివిల్ దావాయే గతి. ఈలోగా దాన్ని ఒరిజినల్ అని వేరొకరికి అంటగట్టి చేతులు దులుపుకోకండి. అనుమానం వచ్చాక అమ్మితే, అమ్మినవారికి తెలుసో లేదో అన్న ప్రశ్న మీ విషయంలో ఉండదు.

డబ్బు చేతికి వచ్చేదాకా ఆ మాన్యువల్ మీ దగ్గరే ఉండటం మంచిది, కేసులో అదే ప్రధాన సాక్ష్యం. ముందు వస్తువు వెనక్కి పంపాలని కొన్న వేదిక నిబంధనల్లో ఉంటే, అట్టతో సహా ప్రతి పుటను ఫోటో తీసి, చేరినట్టు సంతకం తీసుకునే పద్ధతిలోనే పంపండి.