మహమ్మారి రోజుల్లో మనసును ఏది కాపాడింది, ఏది కాల్చుకు తింది?

మీరు అడిగింది ఇది: కరోనా రోజుల్లో కొందరు వార్తలకు అతుక్కుపోయారు, కొందరు ఏదో ఒక పనిలో తలదూర్చారు, కొందరు ఏమీ జరగనట్టే ఉన్నారు, ఇందులో మనసుకు ఏది మేలు? మా ఇంట్లో ఈ మూడు రకాలూ ఉండేవి. మొదటి రకం నేనే. కాబట్టి నా సంగతితోనే మొదలుపెడతాను.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అన్నాక కొద్ది రోజులకే నేనొక నోటుబుక్ పెట్టాను. ఎడమవైపు తేదీ, పక్కన కొత్త కేసులు, ఆ పక్కన మరణాలు. రాత్రి ఆ రోజు లెక్క వచ్చేదాకా పడుకునేవాణ్ణి కాదు. అంకె తగ్గితే "పరీక్షలు తక్కువ చేసి ఉంటారు" అనుకునేవాణ్ణి. పెరిగితే "నేను ముందే అనుకున్నా" అనుకునేవాణ్ణి. ఏది వచ్చినా నాకు మిగిలేది టెన్షనే. తమాషా ఏమిటంటే, రాసుకుంటున్నంతసేపూ నేనేదో పెద్ద జాగ్రత్త తీసుకుంటున్నట్టు ఉండేది. నిజానికి ఆ అంకెలు చూసి నేను ఒక్క రోజు కూడా ఒక్క పనీ మార్చుకోలేదు. మాస్కు అంతకుముందూ పెట్టుకున్నాను, ఆ తర్వాతా పెట్టుకున్నాను.

2013లో అమెరికాలోని బోస్టన్‌లో మారథాన్ పరుగు దగ్గర బాంబులు పేలిన తర్వాతి వారంలో, రోజుకు ఆరు గంటలు, అంతకుమించి ఆ వార్తల్లోనే మునిగినవాళ్ళు, పేలుళ్ళను దగ్గరగా ఎదుర్కొన్నవాళ్ళకంటే ఎక్కువ ఒత్తిడి లక్షణాలు చెప్పారని 2014లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. చాలా ఆలస్యంగా చదివాను. చదివాక ఆ నోటుబుక్ గుర్తొచ్చి సిగ్గేసింది.

మా అన్నయ్య నాకు పూర్తిగా వ్యతిరేకం. ఆగిపోయిన గడియారాలు, పలకని రేడియో ముందేసుకుని కూర్చునేవాడు. టీవీలో ఆ వార్త మొదలైతే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు. "కొంపలంటుకుంటుంటే నీకు గడియారాలు కావాల్సొచ్చాయా?" అని ఒకరోజు అరిచాను. "నువ్వు చూస్తుంటే తగ్గుతుందా చెప్పు, నేనూ వచ్చి కూర్చుంటా" అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ రాత్రి పదింటికల్లా అన్నయ్య గుర్రు వినిపించేది, నేను ఫ్యాను తిరగడం చూస్తూ పడుకునేవాణ్ణి.

1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒత్తిడిని తట్టుకునే తీరును రెండు రకాలుగా చూపించారు. ఒకటి, సమస్యనే పట్టుకుని సరిచేయడం. రెండు, సమస్య వల్ల మనసులో రేగినదాన్ని సర్దుకోవడం. మొదటిది గొప్ప, రెండోది పిరికితనం అని నేను అనుకునేవాణ్ణి. అలా లేదు. చేయగలిగింది ఉన్నప్పుడు మొదటిది పనికొస్తుంది. చేయగలిగింది ఏమీ లేనప్పుడు రెండోదే దిక్కు. అన్నయ్య దేశంలో కేసులను తగ్గించలేడు కాబట్టి గడియారం బాగుచేసుకున్నాడు. నేను కూడా తగ్గించలేను, అయినా లెక్క రాశాను.

అలాగని అన్నయ్యదే రైటు అనను. తనకు జ్వరం వచ్చినప్పుడు కూడా అదే పద్ధతి నడిపాడు. "ఏమీ లేదులే, నిద్ర చాలక" అంటూ రెండు రోజులు పరీక్ష చేయించుకోలేదు, మా మధ్యే తిరిగాడు. మూడో రోజు చేయిస్తే పాజిటివ్. ఆ వెంటనే నాకు, తర్వాత అమ్మకు. అమ్మ కోలుకుంది గానీ, ఆ రెండు రోజుల మాట ఇప్పటికీ మా ఇంట్లో ఎవరం ఎత్తం. జ్వరం వచ్చాక పరీక్ష చేయించుకోవడం తన చేతిలో ఉన్న పని. వార్తల విషయంలో కాపాడిన అలవాటే అక్కడ ముంచింది.

నేను 14 రోజులు ఒక గదిలో ఉన్నాను. ఆ రోజుల్లో నోటుబుక్ స్థానంలోకి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించేది) వచ్చింది. అర్ధగంటకోసారి వేలికి తగిలించుకోవడమే పని. ఒక రాత్రి రెండింటికి 93 చూపించింది. గుండె దడదడలాడింది. లేచి కూర్చుని, మళ్ళీ పెట్టి చూస్తే 92. నా చేతులు చల్లగా ఉన్నాయన్న సంగతి అప్పుడు తట్టింది. వేళ్ళు చల్లబడితే అది తప్పు చూపిస్తుందని డాక్టరు అంతకుముందే ఫోనులో చెప్పి ఉన్నారు. చేతులు రుద్దుకుని, దుప్పట్లో దాచుకుని, కొంతసేపాగి పెట్టాను. 97. మర్నాడు డాక్టరుకు చెబితే, "రోజుకు నాలుగుసార్లు చూడండి, వేళ పెట్టుకుని. ఆయాసం అనిపిస్తే మాత్రం వేళతో పని లేదు, వెంటనే చూసి నాకు ఫోన్ చేయండి" అన్నారు. అదే పరికరం, అదే భయం. నాలుగుసార్లు అనేసరికి అది జాగ్రత్త అయింది.

అందరూ సలహా ఇచ్చే లోతైన శ్వాస నాకు అస్సలు పడలేదు. ఊపిరి గురించే భయపడుతున్నవాణ్ణి ఊపిరి గమనించమంటే ఇంకేముంది! ప్రతి శ్వాసా బరువుగానే తోచేది. దానికి బదులు పాదాలు నేలకు గట్టిగా ఆనించి, గదిలో నీలం రంగు వస్తువులు లెక్కపెట్టుకున్నాను. పిల్లచేష్టలా ఉంటుంది గానీ పనిచేసింది. రాసుకోవడం కూడా మంచిదంటారు. మరీ రాత్రిపూట రాస్తే నాకది ఒకే ఆలోచనను పదిసార్లు నెమరువేయడంలా తయారైంది. పగలు పావుగంట రాసి మూసేస్తే తేలికగా ఉండేది.

స్నేహితులతో మాట్లాడటం మీదా ఒక మాట. ఒక మిత్రుడు, నేను రోజూ గంటసేపు ఫోనులో ఒకరి భయాలు ఒకరికి అప్పజెప్పుకునేవాళ్ళం. పెట్టేశాక ఇద్దరికీ రెట్టింపు బెంగ. చివరికి తనే "మనం చదరంగం ఆడుకుందామా?" అన్నాడు. గడులు నోటితో చెప్పుకుంటూ ఆడేవాళ్ళం. మధ్యమధ్యలో మాటల్లో బెంగ కూడా వచ్చేది, కానీ అదే పనిగా కాదు.

ఖాళీ దొరికింది కదా, కొత్త భాష నేర్చుకో, కండలు పెంచు అన్న సలహాలను నేను పట్టించుకోలేదు. మీరూ పట్టించుకోకండి.

మీకు చెప్పగలిగిన పరీక్ష ఒక్కటే ఉంది. ఏ పని చేసినా, అయిపోయిన అర్ధగంటకు ఎలా ఉన్నారో చూసుకోండి. చేస్తున్నప్పుడు హాయిగా ఉండటం లెక్కలోకి రాదు. లెక్క రాస్తున్నప్పుడు నాకూ హాయిగానే ఉండేది.

ఇంకో సంగతి. మహమ్మారి మొదటి ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. నేనూ అందులో ఉన్నాను. జ్వరం తగ్గిన ఆరు నెలలకు కూడా నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు "ఇంత చిన్నదానికా" అనుకుంటూనే వెళ్ళాను. ఆవిడ మొదట అడిగింది, రాత్రి పడుకునే ముందు చివరగా ఏం చూస్తారని. జవాబు చెప్పడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది.