పెయిలాట్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

హాకీ ఆటగాడు గొంజాలో పెయిలాట్ మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. చాలా ఇష్టంగా రాశావు, అది ప్రతి లైన్‌లో తెలుస్తోంది. కానీ మొదటి రెండు పేరాలూ ఇన్‌స్టాలో ఎంతమంది ఫాలో అవుతున్నారు, ఏ రీల్‌కి ఎన్ని లైకులు అనే లెక్కలతోనే నిండిపోయాయి. అవి తీసెయ్. రేపటికి ఆ అంకెలు మారిపోతాయి, పైగా జనం ఆ రీల్‌ని మళ్లీ మళ్లీ ఎందుకు చూస్తున్నారో వాటిలో ఎక్కడా ఉండదు.

అదే రీల్‌ని స్లో చేసి చూడు. పెనాల్టీ కార్నర్, అంటే గోల్ ముందున్న అర్ధవృత్తంలో (దాన్నే డి అంటారు) డిఫెండర్లు తప్పు చేస్తే ఎదుటి జట్టుకి దక్కే అవకాశం. గోల్ పక్కనున్న గీత మీద నుంచి ఒకడు బంతి తోస్తాడు, డి బయట ఇంకొకడు ఆపుతాడు. పెయిలాట్ పరుగున వచ్చి, మోకాళ్లు నేలకి ఆనతాయేమో అన్నంతగా వంగి, బంతిని కొట్టకుండా స్టిక్‌కి అతికించుకున్నట్టు డి లోపలికి లాక్కెళ్లి, నడుము తిప్పి విసిరేస్తాడు. ఎదురుగా గోల్ కీపర్, మీదకి దూసుకొచ్చే నలుగురు డిఫెండర్లు. అంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. నువ్వు దీన్నంతా డ్రాగ్ ఫ్లిక్ అని ఒక్క మాట రాసి వదిలేశావు, హాకీ చూడని పాఠకుడికి ఏం కనబడుతుంది చెప్పు?

పతకాల పట్టిక కూడా అంతే. అర్జెంటీనా తరఫున 2014 హేగ్ వరల్డ్ కప్‌లో 10 గోల్స్, 2016 రియో ఒలింపిక్స్‌లో 11, రెండుచోట్లా టాప్ స్కోరర్, అన్నీ కరెక్టే. కానీ అసలు కథ ఆ పట్టిక మధ్యలో ఇరుక్కుపోయింది. 2008, 2012లో స్వర్ణాలు గెలిచి మూడోదాని కోసం రియో వచ్చిన జర్మనీని సెమీఫైనల్లో అర్జెంటీనా 5-2తో ఇంటికి పంపింది, అందులో మూడు గోల్స్ ఇతనివే. తర్వాత అర్జెంటీనా జట్టుకి దూరమై, మాన్‌హైమ్ క్లబ్‌కి ఆడుతూ, 2022లో అదే జర్మనీ జెర్సీ వేసుకున్నాడు. రియోలో ఇతని చేతిలో ఓడిన క్రిస్టఫర్ రూర్, మాట్స్ గ్రాంబుష్ ఆ జట్టులో ఇతని పక్కన నిలబడి ఆడారు. వాళ్లు మొదటిసారి డ్రెస్సింగ్ రూమ్‌లో ఏం మాట్లాడుకున్నారో ఊహించి రాయకు, మనకి తెలియదు. ఎదురెదురుగా నిలబడిన ఆ మ్యాచ్‌నీ, కలిసి గెలిచిన మ్యాచ్‌నీ పక్కపక్కన పెట్టు చాలు. దేశం మార్చాడని కామెంట్లలో తిట్టేవాళ్ల మాటలు మాత్రం నీ వ్యాసంలోకి రానివ్వకు, ఒక మనిషి జీవితాన్ని అంత తేలిగ్గా తీర్పు చెప్పేయడం నాకు నచ్చదు.

హైదరాబాద్ తూఫాన్స్ సంగతి చివర్లో ఒక్క లైన్‌లో సరిపెట్టావేంటి? మన ఊరి పేరున్న జట్టుకి ఆడాడు, ఆ జట్టు 2025లో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ దాకా వెళ్లి 4-3తో ఓడింది. కానీ ఆ సీజన్ మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీల్లోనే జరిగాయి. హైదరాబాద్ కుర్రాళ్లు అతన్ని ఫోన్‌లోనే చూసి అభిమానించారు. ఆన్‌లైన్ పాపులారిటీ గురించి రాయాలంటే నీ దగ్గరున్న సిసలైన సరుకు ఇదే, దీన్ని పైకి తీసుకురా.

మళ్లీ మొదలుపెట్టే ముందు 2023 జనవరి, భువనేశ్వర్, ఆస్ట్రేలియాతో వరల్డ్ కప్ సెమీఫైనల్ రెండో సగం మొత్తం చూడు. సగం ఆటకి జర్మనీ 0-2 వెనకబడి ఉంది. పెయిలాట్ రెండు కొట్టి సమం చేశాడు, 58వ నిమిషంలో ఆస్ట్రేలియా మళ్లీ ముందుకెళ్లింది, 59వ నిమిషంలో అతను మూడోది కొట్టాడు, చివరి సెకన్లలో నిక్లాస్ వెల్లెన్ గెలిపించాడు. ఆ మూడో గోల్ దగ్గర ఆపి, చూసింది చూసినట్టు పది వాక్యాలు రాయి. ఆదివారంలోపు పంపు, కూర్చుని చదువుతాను.

మీ అన్న