సుద్దాల హనుమంతు కవా, నటుడా?

పాటలు రాసిన హనుమంతు వేషం కూడా కట్టేవారా అని అడిగారు. కట్టేవారు. అసలు ఆయన్ని కవిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం సగం లెక్కే అని నా అభిప్రాయం.

అప్పటి నల్లగొండ జిల్లా మనిషి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బుర్రకథ, గొల్లసుద్దులు, పిట్టలదొర, యక్షగానం లాంటి ఊరి జనానికి అలవాటైన కళల్లోనే దొరల దౌర్జన్యం, వెట్టిచాకిరీ గురించి చెప్పారు. ‘వీర తెలంగాణ’ యక్షగానం ఆయనదే.

బుర్రకథనే చూడండి. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ వంతపాడే ఇద్దరు. ఒకరు హాస్యం పండిస్తే, ఇంకొకరు ఇప్పటి రాజకీయం మీద చురక వేస్తారు. పిట్టలదొరైతే చిరిగిన కోటు, కట్టె తుపాకీతో కోతలు కోస్తూనే దొరతనాన్ని వెక్కిరిస్తాడు. వీటికి రాసేవాడికి గొంతు, ఆట తెలియకపోతే మాట పేలదు.

ఆయన రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట ‘మాభూమి’ సినిమాతో ఇంకా ఎక్కువ మందికి చేరింది. ఆయన 1982లో కన్నుమూశారు. సినీకవి సుద్దాల అశోక్‌తేజ ఆయన కొడుకే.