పువ్వు ఒక్కటే ఫొటో తీస్తే పేరు దొరకదు

పెరట్లో, నడిచే దారి పక్కన వాటంతటవే మొలిచే పూలమొక్కల్ని గుర్తుపట్టడం ఎలా, యాప్ ఒకే మొక్కకు పూటకో పేరు చెబుతోంది అని అడిగారు. పాపం యాప్‌ని ఏమని అంటాం? మనం ఇచ్చేది పైనుంచి తీసిన పువ్వు ఫొటో ఒక్కటే. నేనైతే పువ్వు వెనక వైపు, ఆకు కాండానికి అతుక్కున్న చోటు, మొక్క మొత్తం కూడా తీస్తాను. అప్పటి నుంచి తికమక చాలా తగ్గింది.

తెల్లపూలతోనే అసలు చిక్కు. గడ్డిచామంతి, గుంటగలగర, వయ్యారిభామ మూడూ పొద్దుతిరుగుడు కుటుంబానివే. అంటే మనకు ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి బోలెడు బుల్లిపూల గుత్తి. గడ్డిచామంతికి పొడుగాటి సన్నని కాడ, దాని కొసన ఒక్కటే పువ్వు. నడుమ పసుపు, చుట్టూ ఉన్న రేకుల కొసలు మూడుగా చీలి ఉంటాయి. గుంటగలగరకు నడిమి భాగం కూడా తెల్లగానే ఉంటుంది, తడి నేలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆకు నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది, ఇక అనుమానం అక్కర్లేదు. వయ్యారిభామ ఆకులు క్యారెట్ ఆకుల్లా సన్నగా చీలి ఉంటాయి, పూలు చాలా చిన్నవి, గుంపులుగా పూస్తాయి. దీన్ని మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోకండి, కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు వస్తాయి.

పసుపుపచ్చవాటిలో పులిచింతకీ పల్లేరుకీ ఐదేసి రేకులే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ కేసరాలు (పువ్వు నడుమ పుప్పొడి ఉండే సన్నని పోగులు) లెక్కపెట్టి మొక్కల్ని వర్గాలుగా విడదీశాడు. ఆ లెక్కన కూడా ఇవి రెండూ ఒకే వర్గంలో పడ్డాయి, రెండింటికీ పదేసి కేసరాలు మరి! ఆకు చూస్తే క్షణంలో తేలిపోతుంది. పులిచింతకు హృదయం ఆకారంలో మూడు చిట్టి ఆకులు. పల్లేరుకు ఈనెకు రెండు వైపులా వరసగా చిన్న ఆకులు, కాయకు ముళ్ళు. చెప్పులు లేకుండా తిరిగేవాళ్ళకు పల్లేరుని నేను పరిచయం చెయ్యక్కర్లేదు.

వేళ కూడా చూసుకోండి. వెన్నదేవికూర నీలిపువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. సాయంత్రం వెళ్తే గడ్డి అనుకుని దాటేస్తారు. పైగా అది మట్టి లోపల కూడా పూస్తుంది, జాగ్రత్తగా తవ్వి చూస్తే వేళ్ళ దగ్గర తెల్లటి మొగ్గలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు.

ఆకు నలిపి వాసన చూస్తే ఉపయోగమే కానీ రుచి చూడటం వద్దు. ఆకుల నిండా ముళ్ళుండి, తుంచితే పసుపు పాలు కారే బ్రహ్మదండి గింజలు విషం. ఆవనూనెలో వాటి నూనె కలిసి జనం జబ్బుపడ్డ సంఘటనలు ఉన్నాయి.

ఇంతా చూసినా పేరు తేలకపోతే మొక్కని పీకెయ్యకుండా కాయ కాసేదాకా ఆగండి. కాయ ఫొటో కూడా కలిపి పెడితే ఇక్కడ ఎవరో ఒకరు చెప్పేస్తారు.